బిల్డర్ కట్టే చార్జీలు మన రోడ్డు దాకా వస్తాయా? హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ చార్జీలు, ఇంపాక్ట్ ఫీజు, ఎల్‌ఆర్‌ఎస్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లాటో ప్లాటో కొనేటప్పుడు ఈ పేర్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. బిల్డర్‌ని అడిగితే "అవన్నీ గవర్నమెంటు చార్జీలు సార్" అని తేల్చేస్తాడు, ఆఫీసులో అడిగితే జీవో నంబరు చెప్పి పంపేస్తారు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. ప్రధానంగా తెలంగాణ, అందులోనూ హైదరాబాద్ చుట్టుపక్కల సంగతి ఇది. అవసరమైన చోట ఆంధ్ర, అమెరికా, కెనడా లెక్కలు కూడా చెప్పాం.

ఇంటిపన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఈ చార్జీలు ఎందుకు?

ఇంటిపన్ను ఏటా అయ్యే ఖర్చుల కోసం. చెత్త ఎత్తడం, వీధిలైట్లు, సిబ్బంది జీతాలు, వానాకాలం పోయాక గుంతలు పూడ్చడం, ఇలాంటివాటికే అది సరిపోతుంది. నిన్నటి దాకా పది ఇళ్లున్న చోట 500 ఫ్లాట్లు లేస్తే మాత్రం నీళ్ల పైపు పెద్దది వేయాలి, మురుగు లైను మార్చాలి, రోడ్డు వెడల్పు చేయాలి, వాన నీరు పోయే నాలా కూడా పెంచాలి. ఇదంతా ముందే, ఒకేసారి పెట్టాల్సిన డబ్బు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఉంటున్న పాత కాలనీవాళ్ల పన్నులోంచి దాన్ని తీయడం న్యాయం కాదు. కొత్త భారం ఎవరివల్ల వచ్చిందో వాళ్లే అందులో కొంత మోయాలన్నది ఈ చార్జీల వెనకున్న ఆలోచన, అందులో తప్పేమీ లేదు. పేచీ అంతా తీసుకున్న డబ్బు ఎక్కడ పెడుతున్నారు అన్న దగ్గరే.

మొత్తం ఎన్ని రకాల చార్జీలు ఉంటాయి?

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ)లో ఫైలు ఓకే అయ్యాక బిల్డర్ చేతికి ఒక కాగితం వస్తుంది, దాన్ని డీసీ లెటర్ అంటారు. ఎవరిదైనా ఒకటి సంపాదించి ఒక్కసారి చదవండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. స్థలం విస్తీర్ణం మీద డెవలప్‌మెంట్ చార్జీలు ఒక వరుసలో, కట్టబోయే విస్తీర్ణం మీద మళ్లీ డెవలప్‌మెంట్ చార్జీలు ఇంకో వరుసలో, ఆ కింద ప్రాసెసింగ్ ఫీజు, ఎత్తు ఎక్కువైతే ఇంపాక్ట్ ఫీజు, ఇలా కిందికి దిగుతూ పోతుంది. జీహెచ్‌ఎంసీలో అయితే బెటర్‌మెంట్ చార్జీలు, ఎక్స్‌టర్నల్ బెటర్‌మెంట్ చార్జీలు అన్న పేర్లు కనిపిస్తాయి.

ఇవన్నీ ఒకే జేబులోకి పోవు. నిర్మాణ ఖర్చులో 1 శాతం లేబర్ సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు పోతుంది, దానితో మీ వీధికి ఏ సంబంధమూ లేదు. ప్రాసెసింగ్ ఫీజు ఆఫీసు పని ఖర్చు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చేటప్పుడు కట్టే నాలా ఫీజు (పైన చెప్పిన వాన నీటి నాలాతో దీనికి సంబంధం లేదు) తహసీల్దారు దగ్గర, అంటే రెవెన్యూ శాఖకు కట్టేది. రోడ్లు, డ్రైనేజీ, నీళ్లు అనే పని కోసం తీసుకునేవి ప్రధానంగా మూడే: డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, ఇంపాక్ట్ ఫీజు. "గవర్నమెంటు చార్జీలు ఇంత అయ్యాయి" అని ఎవరైనా మొత్తం కలిపి ఒకే అంకె చెబితే, అందులో ఈ మూడింటి వాటా ఎంతో విడగొట్టి అడగండి.

ఇంపాక్ట్ ఫీజు అంటే ఏమిటి? హైదరాబాద్‌లో దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ముంబై, చెన్నై లాంటి నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ హద్దు ఉంటుంది, ఇంకా కావాలంటే ప్రీమియం కట్టి కొనుక్కోవాలి. 2006 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 86 ఇచ్చి హైదరాబాద్‌లో ఆ లెక్కకు స్వస్తి చెప్పింది. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎత్తు, అంతే. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 అదే పద్ధతిని కొనసాగించింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ జీవోనే సవరణలతో నడుపుకుంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2017లో జీవో 119తో సొంత రూల్స్ తెచ్చుకుంది.

అందుకే కోకాపేట, పుప్పాలగూడ, నార్సింగి వైపు చూస్తే ఒక టవర్‌ని మించి ఇంకో టవర్ లేస్తోంది. రోడ్డు 100 అడుగులుండి, సెట్‌బ్యాక్‌లు (చుట్టూ ఖాళీ) సరిగ్గా వదిలి, ఫైర్, ఎయిర్‌పోర్టు ఎన్‌వోసీలు తెచ్చుకుంటే పైన ఎన్ని అంతస్తులన్న హద్దు దాదాపు లేదు. ఆపే హద్దు లేనప్పుడు కనీసం ఎత్తుకు తగ్గ వెల అయినా ఉండాలి కదా, ఆ వెలే సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు. మొదటి 15 మీటర్లకు ఇది ఉండదు, ఆ పైన వచ్చే అంతస్తుల విస్తీర్ణం మీద లెక్కగడతారు. ప్రాంతాన్ని బట్టి, నివాసమా వ్యాపారమా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. మామూలు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కొనేవాళ్లు దీని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు.

మా అభిప్రాయం అడిగితే, ఎఫ్‌ఎస్‌ఐ ఎత్తేయడం వల్ల ఇళ్ల సరఫరా పెరిగింది, ధరలు చాలాకాలం ముంబైలా కాకుండా ఆగాయి, ఆ మేలు కాదనలేం. కానీ ఈ పద్ధతి నిలబడాలంటే ఇంపాక్ట్ ఫీజు పద్దు ఒక్కటైనా పక్కాగా ఉండాలి. ఐటీ కారిడార్‌లో సాయంత్రం ఆరింటికి కారులో కూర్చున్నవాళ్లెవరైనా అది ఎంత పక్కాగా ఉందో చెప్పగలరు.

ఆ డబ్బు మా ఏరియాలోనే ఖర్చు పెట్టాలా?

సగం, అవును. ఇది చాలామందికి తెలియని సంగతి. ఇంపాక్ట్ ఫీజును ప్రత్యేకంగా ఎస్క్రో ఖాతాలో (వేరే పనికి కలపకుండా విడిగా ఉంచే ఖాతా) వేయాలని, అందులో 50 శాతం అదే ప్రాంతంలో సదుపాయాలకు, మిగతాది నగర స్థాయి పెద్ద పనులకు వాడాలని జీవో 168లోనే ఉంది. ఏ పనులు చేస్తారో ప్లాన్ కూడా తయారు చేయాలి. అంటే మీ వీధి చివర ముప్పై అంతస్తుల టవర్ వస్తే, అది కట్టిన ఇంపాక్ట్ ఫీజులో సగం మీ చుట్టుపక్కలే కనబడాలి.

డెవలప్‌మెంట్, బెటర్‌మెంట్ చార్జీల విషయంలో ఇంత స్పష్టమైన వాటా లేదు. అవి సంస్థ ఖాతాలోకి పోతాయి, అక్కడినుంచి ఏ ఫ్లైఓవర్‌కు, ఏ జంక్షన్‌కు పోయాయో గీత గీసి చూపించడం కష్టం. అసలు నగరం పెద్ద పనులు వీటితోనే నడవడం లేదు కూడా. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ ఎస్‌ఆర్‌డీపీ (వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి ప్రణాళిక) కింద రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. అంటే బిల్డర్ కట్టిందాంతో పాటు అప్పు కూడా ఉంది, ఆ అప్పు తీర్చేది మళ్లీ మనమే.

డబ్బే కాకుండా స్థలం కూడా ఇవ్వాలా?

ఇవ్వాలి, వెంచర్ వేసేవాడికి అసలు బరువు అదే. లేఅవుట్‌లో రోడ్లకు పోగా 10 శాతం స్థలం పార్కులు, ఆటస్థలాల కోసం వదలాలి. రోడ్లు, పార్కు స్థలాలు రెండింటినీ స్థానిక సంస్థకు ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి. రోడ్లు, డ్రైన్లు, నీళ్ల లైన్లు, కరెంటు స్తంభాలు డెవలపర్ సొంత ఖర్చుతో వేయాలి, వేస్తాడన్న గ్యారంటీకి 15 శాతం ప్లాట్లు మార్ట్‌గేజ్ పెట్టాలి. పనులన్నీ పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే వాటిని విడుదల చేస్తారు.

మీకు చూపిస్తున్న ప్లాటు ఆ మార్ట్‌గేజ్ నంబర్లలో ఉందేమో ప్లాన్ కాగితం మీద చూసుకోండి, అక్కడ వేరే రంగుతోనో గీతలతోనో గుర్తు పెట్టి ఉంటుంది. ప్రీలాంచ్ ఆఫర్ అని ఇలాంటివి అంటగట్టే ఏజెంట్లు తక్కువేం లేరు.

మరి ఎల్‌ఆర్‌ఎస్ ఈ లెక్కలోకి ఎలా వస్తుంది?

పైన చెప్పిన 10 శాతం వదలకుండా, చార్జీలు కట్టకుండా, సర్పంచ్ సంతకంతో గ్రామ పంచాయతీ లేఅవుట్ అని చెప్పి వేల వెంచర్లు అమ్మేశారు. అమ్మినవాడు డబ్బు చేసుకుని వెళ్లిపోయాడు. అతని దగ్గర రావాల్సింది ఇప్పుడు కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయడమే ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో, తెలంగాణలో 2015లో, మళ్లీ 2020లో ఈ స్కీములు వచ్చాయి. 2020 ఆగస్టు 31న జీవో 131 ఇస్తే జనం గగ్గోలు పెట్టారు, సెప్టెంబర్ 16న జీవో 135తో తగ్గించారు. 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించారు.

లెక్క ఎలా వేస్తారో ఒక్కసారి చూద్దాం. 200 గజాల ప్లాటు, రిజిస్ట్రేషన్ నాటికి ప్రభుత్వ విలువ గజం 4,000 రూపాయలు అనుకోండి. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. 101 నుంచి 300 చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు చదరపు మీటరుకు 400 చొప్పున సుమారు 66,800 రూపాయలు. గజం విలువ 3,001 నుంచి 5,000 మధ్య ఉంటే ఇందులో 30 శాతమే కట్టాలి, అంటే సుమారు 20,000. ఇది రెగ్యులరైజేషన్ చార్జీ, చిన్నదే. అసలు దెబ్బ రెండోది: లేఅవుట్‌లో పార్కు స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం. 8 లక్షల మీద 14 శాతం అంటే 1,12,000. రెండూ కలిపి 1,32,000 చిల్లర, 2025లో ఇచ్చిన 25 శాతం రాయితీతో అయితే 99,000 దగ్గర తేలేది.

మొత్తంలో ఎక్కువ భాగం, లేని పార్కు కోసం కడుతున్నదే అన్నమాట.

ఆ 14 శాతం కడితే మా కాలనీకి పార్కు వస్తుందా?

రాదు, వచ్చే చోటు మిగల్లేదు కదా. ఆ డబ్బుతో పక్కనెక్కడైనా స్థలం కొనాలంటే ఇప్పటి ధరకు కొనాలి, వసూలు చేసింది మీరు రిజిస్ట్రేషన్ చేసుకున్ననాటి విలువ మీద. డబ్బు ఆలస్యంగా తీసుకోవడంలో ఉన్న అసలు నష్టం ఇదే, ఎంత రాయితీ ఇచ్చినా ఎంత వడ్డించినా ఆ నష్టం పూడదు. కట్టకపోతే మాత్రం ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్‌కీ, తర్వాత అమ్ముకోవడానికీ చిక్కులు తప్పవు.

చివరికి ఇవన్నీ ఎవరి జేబులోంచి పోతాయి?

కౌంటర్‌లో కట్టేది బిల్డర్, భరించేది చాలావరకు కొనేవాడు. అయితే ఎప్పుడూ పూర్తిగా కాదు. చార్జీలు పెరుగుతాయని ముందే తెలిస్తే బిల్డర్ భూమి కొనేటప్పుడే రేటు తగ్గించి అడుగుతాడు, అప్పుడు కొంత భారం భూమి యజమాని మీద పడుతుంది. ఇక్కడ ఎక్కువగా నడిచేది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు (భూమి యజమానిది, కట్టేది బిల్డర్, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు) కాబట్టి చార్జీలు ఎవరు కట్టాలన్నది అందులోనే రాసుకుంటారు, చాలాసార్లు బిల్డరే. భూమి కొనేశాక హఠాత్తుగా పెంచితే మాత్రం అది నేరుగా ఫ్లాటు ధర మీదికో, బిల్డర్ లాభం మీదికో వస్తుంది.

మీరు ఫ్లాటు కొంటుంటే గమనించాల్సింది ఒకటి. ప్లాన్ శాంక్షన్ కోసం కట్టిన చార్జీలు బిల్డర్ ప్రాజెక్టు ఖర్చు, చదరపు అడుగు రేటులోనే అవి కలిసిపోయి ఉండాలి. రేటు వేరు, ఆ పైన "ఇన్‌ఫ్రా చార్జీలు" వేరు అని అగ్రిమెంట్‌లో రాస్తే, ఏ రసీదు మీద తీసుకుంటున్నారో అడగండి. హ్యాండోవర్ చేసేదాకా మున్సిపల్ పన్నులు, నీళ్లు, కరెంటు బకాయిలు తీర్చాల్సింది ప్రమోటరేనని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగానీ, 8 ఫ్లాట్లు మించిగానీ కడితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ రికార్డులో ఏం చూపించారో కూడా చూసుకోవచ్చు.

చార్జీలు తగ్గిస్తే ఇళ్ల ధరలు తగ్గుతాయా?

బిల్డర్ల సంఘాలు ఎప్పుడూ అదే చెబుతాయి. కెనడాలో టొరంటో పక్కనున్న వాన్ నగరం 2024 నవంబర్‌లో ఒక విడి ఇంటికి 94,466 డాలర్లున్న చార్జీని 50,193కి తగ్గించింది. నిర్మాణాలు ఆగిపోతున్నాయని భయపడి చేసిన పని అది. అలా తగ్గించిన చోట పైపు ఖర్చు మాయమైపోదు, ఇంటిపన్నులోకో అప్పులోకో జారుతుంది. మన దగ్గర చార్జీల వాటా అంత పెద్దది కాదు, భూమి ధరే మింగేస్తుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ధరకు భూమి కొన్నవాడికి ఇంపాక్ట్ ఫీజు పది శాతం తగ్గించినా మీ ఫ్లాటు రేటులో అది కంటికి ఆనదు.

నీళ్ల కనెక్షన్ చార్జీలు ఇందులోనే కలిసి ఉంటాయా?

ఉండవు. జలమండలికి విడిగా కట్టాలి, అపార్ట్‌మెంటు పెద్దదైతే మొత్తం విస్తీర్ణం మీద లెక్క వేస్తారు. పర్మిషన్ వచ్చిందంటే నీళ్లు వచ్చినట్టే అనుకోకండి, ట్యాంకర్లతో బతుకుతున్న గేటెడ్ కమ్యూనిటీలు చాలానే ఉన్నాయి.

రోడ్డు విస్తరణలో మా స్థలం పోతే మాకేంటి?

డబ్బు బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) సర్టిఫికెట్ ఇస్తారు. 2017 డిసెంబర్‌లో వచ్చిన జీవో 330 ప్రకారం రోడ్డుకు ఇచ్చిన స్థలానికి 400 శాతం దాకా హక్కు వస్తుంది. మీరే అదనపు అంతస్తు వేసుకోవచ్చు, లేదంటే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు.

అమరావతిలో వేరే పద్ధతి అంటారు, నిజమేనా?

నిజమే. అక్కడ చార్జీ బదులు భూమినే తీసుకున్నారు. 2015లో ల్యాండ్ పూలింగ్ కింద రైతులు 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట భూమి ఎకరానికి 1,000 గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు (నీటి వసతి ఉన్న) భూమికి 1,000, 450 గజాలు తిరిగిస్తామన్నారు. మిగిలిన భూమిలో రోడ్లు వేసి, కొంత అమ్మి ఖర్చు రాబట్టాలన్నది ప్లాన్. ముందే కోట్లు కట్టాల్సిన పని లేదు కాబట్టి వినడానికి బాగుంటుంది. కానీ రిస్కు అంతా రైతు మీదే ఉంటుంది. 2019 తర్వాత పనులు ఆగిపోయినప్పుడు ప్లాటు కాగితం పట్టుకుని కూర్చున్నది వాళ్లే.

అమెరికాలో ఉన్న మా బంధువులు కూడా ఇంపాక్ట్ ఫీజు అంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

ఆలోచన ఒకటే, కట్టుబాటు వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో 1987 నుంచీ దీనికి రాష్ట్ర చట్టం ఉంది. నీళ్లు, మురుగు, వరద నీరు, రోడ్లు, ఈ నాలుగింటికే వసూలు చేయాలి. పదేళ్ల పనుల ప్లాన్ ముందే తయారు చేసి చూపించాలి, పదేళ్లలో ఖర్చు పెట్టకపోతే తిరిగి అడిగే హక్కు ఉంటుంది. నగరం బయట కొత్త కాలనీల్లో ఇంపాక్ట్ ఫీజుకు బదులు మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అనే పద్ధతి కూడా నడుస్తుంది. డెవలపర్ వేసిన పైపుల ఖర్చును బాండ్లతో తీర్చి, ఇంటి యజమానుల దగ్గర ఏళ్ల తరబడి పన్నుగా తీసుకుంటారు. ఇల్లు చవకగా వచ్చిందనుకుని కొన్నాక పన్ను బిల్లు చూసి గుండె గుభేలుమనేది అందుకే.

కాలిఫోర్నియాలో ఎల్ డొరాడో కౌంటీ ఒక చిన్న ఇంటి పర్మిషన్‌కు ట్రాఫిక్ ఫీజు కింద 23,420 డాలర్లు అడిగితే, జార్జ్ షీట్జ్ అనే ఆయన కోర్టుకెక్కాడు. 2024 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒక మాట తేల్చింది: చట్టసభే చట్టం చేసి పెట్టింది అన్న ఒక్క కారణంతో ఫీజు, కొత్త నిర్మాణం వల్ల పడే భారానికీ దానికీ పొంతన ఉందా లేదా అన్న పరీక్ష నుంచి తప్పించుకోలేదు.

మన కోర్టులు ఏమంటాయి?

మన దగ్గర అంత బిగింపు లేదు. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ యార్డుల ఫీజు పెంపు మీద వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు, కట్టిన ప్రతి రూపాయికీ సరిసమానంగా సేవ చూపించాల్సిన పని లేదు, మొత్తం మీద ఒక సంబంధం ఉంటే చాలు అంది. దాంతో ప్రభుత్వాలకు ఊపిరాడింది. కానీ ఇంకో వైపు కూడా ఉంది. అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో 1992లో అదే కోర్టు, చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా డెవలప్‌మెంట్ ఫీజు వసూలు చేయడం కుదరదని చెప్పింది. కాబట్టి ఎవరైనా కొత్త చార్జీ వడ్డిస్తే ముందు అడగాల్సింది "ఎంత" అని కాదు, "ఏ చట్టం కింద" అని.

మా ఏరియాలో వసూలైన డబ్బు లెక్క ఎలా తెలుసుకోవాలి?

ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి, ఆ పై ఆఫీసులకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. "మా ఏరియాకు ఎంత ఖర్చు పెట్టారు" అని ఊరికే అడిగితే "సమాచారం ఆ రూపంలో లేదు" అని వచ్చేస్తుంది. ఇలా అడగండి:

"ఫలానా సర్కిల్ పరిధిలో ఫలానా ఆర్థిక సంవత్సరంలో జీవో 168 ప్రకారం వసూలైన సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు మొత్తం, అది జమ అయిన ఎస్క్రో ఖాతా స్టేట్‌మెంట్ నకలు, అదే ప్రాంతానికి వాడాల్సిన 50 శాతం కింద మంజూరైన పనుల జాబితా, ఒక్కో పని అంచనా విలువ, పూర్తయిన తేదీ ఇవ్వగలరు."

ఒక టవర్ గురించే తెలుసుకోవాలంటే దాని పర్మిట్ నంబరు వేసి డీసీ లెటర్ లేదా ఫీజు రసీదు నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా, అదే ఆఫీసులో అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. అసోసియేషన్ పేరుతో కాకుండా ఒక వ్యక్తి పేరుతో పెట్టండి, సంస్థల దరఖాస్తులను అడిగింది పౌరుడు కాదని తిప్పి పంపే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది.